దూరదేశంలో మనవారు

కడప, గోదావరి జిల్లాల నుండి మన బిడ్డలు, తల్లులు ఎందరో పని కోసం కువైట్ వెళ్ళారు. మన ఇంట రాత్రి 9.30 అయితే అక్కడ 7 గంటలే. ఆ తేడా చూసుకొని, ఇద్దరికీ వీలైన వేళను కుటుంబ ప్రార్థనకు ఏర్పరచుకుందాం.

వెళ్ళేవారు ఇక్కడి సిమ్‌ను పారవేయకూడదు. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది. మాట్లాడుకోవడానికి అక్కడి సిమ్ తీసుకోవాలి. ఫోను పోయినా ఇబ్బంది లేకుండా ఇంటి నంబరు, పాస్‌పోర్టు నంబరు, భారత రాయబార కార్యాలయం నంబరు కాగితం మీద వ్రాసుకోవాలి.

అంతకంటే ముఖ్యమైనది మన మాట. "డబ్బు పంపావా?" అని మొదలుపెడితే వారు తమ జ్వరాన్ని, కన్నీటిని దాచుకుంటారు. చెరలో ఉన్న పౌలు తన అంగీ, పుస్తకాలు తెమ్మని తిమోతికి దాపరికం లేకుండా వ్రాశాడు (2 తిమోతి 4:13). మనవారు కూడా అలా చెప్పుకోగలిగేలా, ముందుగా "తిన్నావా అమ్మా?" అని అడుగుదాం.