భూమ్మీద లేని విడిది

పుత్తూరు పక్కనే నారాయణవనం వుంది. ఆకాశరాజు కూతురు పద్మావతికీ శ్రీనివాసుడికీ అక్కడే పెళ్లి జరిగిందని స్థలపురాణం. ఆ పెళ్లికి పిండి విసిరిన తిరగలి యిదేనని కల్యాణ వేంకటేశ్వరస్వామి గుడిలో యీనాటికీ ఒక పెద్ద రాయి చూపిస్తారు. దాన్ని చూస్తే పెళ్లి నిన్నగాక మొన్న జరిగినట్టే వుంటుంది.

మరి శశిరేఖ పెళ్లికి తరలివచ్చిన కౌరవుల విడిది ఎక్కడుంది? దానికి ఊరూ లేదు, రాయీ లేదు. వ్యాసభారతంలో శశిరేఖ కథే లేదు. అది మనవాళ్లు చెప్పుకున్న కథ. అయినా ఆ విడిది గదులు మన యిళ్లల్లో పసిపిల్లలకు కూడా తెలుసు! 1957 మార్చి 27న విడుదలైన విజయావారి "మాయాబజార్" మహిమ అది. ఆ చిత్రానికి దర్శకులు కె.వి. రెడ్డి, కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్.

గోఖలే మద్రాసులో చిత్రలేఖనం నేర్చుకున్నారు. పత్రికలకు బొమ్మలు వేశారు, "బల్లకట్టు పాపయ్య" వంటి కథలూ రాశారు. కథ తెలిసిన చిత్రకారుడి చేతిలో గది వట్టి గదిగా వుండదు కదా!

ఘటోత్కచుడి విడిదే చూడండి. కంబళి వంటిది గింబళి, తల్పం వంటిది గిల్పం. గింబళి కాలు పెట్టినవాళ్లతో ఆటలాడుతుంది. గిల్పం పడుకున్నవాళ్లను పడుకోనివ్వదు. సత్యపీఠం ఎక్కిన శకుని కడుపులోని కుట్రంతా కక్కేస్తాడు. ఆ యింట్లో సామానంతా పెళ్లికూతురి పక్షమే!

యిటువంటి గదిని కాగితం మీద గీయడంలో ఒక చిక్కుంది. అది అచ్చంగా రాచవిడిదిలా వుంటేనే అతిథులు నమ్మి అడుగు పెడతారు. ముందే వింతగా కనిపిస్తే నవ్వు చచ్చిపోతుంది. పైగా సెట్టులో గదికి నాలుగో గోడ వుండదు. అక్కడ కెమేరా వుంటుంది. దీపాలు వెలగడానికి పైకప్పూ వుండదు. రంగులన్నీ తెరమీద నలుపు తెలుపులుగా మారిపోతాయి. యివన్నీ ఆలోచించి గీత గీయాలి. ఆ గీత పట్టుకుని వడ్రంగులూ రంగులవాళ్లూ పని మొదలుపెడతారు. ద్వారకా నగరాన్నయితే చిన్న చిన్న బొమ్మయిళ్లతోనే కట్టారు. మార్కస్ బార్ట్లే కెమేరా దాన్ని మహానగరం చేసింది.

షూటింగు అయిపోతే సెట్టు విప్పేస్తారు. ఆ కర్రలతో మరో సినిమాకు మరో యిల్లు లేస్తుంది. గుడి కట్టిన శిల్పికి రాయి మిగిలింది. యీ శిల్పులకు మిగిలింది ఫిల్ము మీది నీడ మాత్రమే. 2010లో ఆ నీడకు రంగులు కూడా అద్ది మళ్లీ విడుదల చేశారు. జనం మళ్లీ వెళ్లి చూశారు.

వివాహభోజనం ఆరగించిన రంగారావుగారి పేరు అందరికీ గుర్తే. ఆ విడిది గీసిన చేతుల పేర్లు ఎందరికి గుర్తు? యీసారి ఆ బొమ్మ చూసేటప్పుడు మొదట్లో వచ్చే పేర్ల దగ్గర పిల్లలను ఒక్క నిమిషం నోరు మూసుకోమనండి. "కళ" అన్న మాట పక్కనున్న రెండు పేర్లూ వాళ్లచేత పైకి చదివించండి.