అసీలు కోడి: దాని స్వభావము, దాని పేర్లు

పలనాటి కథ తెలిసినవారికి నాయకురాలు, బ్రహ్మనాయుడు ఆడించిన కోడిపోరు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. క్రీడాభిరామమునందలి ఓరుగంటిలోను కోళ్ళు పోరాడినవి. అయితే బరి వెలుపల, పోరు లేని దినములందు, ఆ పక్షి ఎట్లు మెలగునో తెలుపు పుటలు మనకు అరుదు. ఈ వ్యాసమున ప్రస్తావించునది ఆ సంగతియే. దీనికి ఆధారము కొంత గ్రంథములు; అధికభాగము దక్షిణ ఒడిశాలోని మా పెరడు.

“అసీల్” అను అరబ్బీ మాటకు స్వచ్ఛమైన మూలము గలది అని అర్థము. కర్నాలునందలి జాతీయ పశుజన్యు వనరుల సంస్థ ఈ జాతికి నెలవుగా ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములను పేర్కొన్నది. పటము ముందుంచుకొని చూచినచో ఈ మూడును కలియు కొండసీమ ఒక్కటేయని తెలియును. కొరాపుట్టు ప్రాంతము 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశాలో చేరునంతవరకు విశాఖపట్టణము జిల్లాలోనిదే. హద్దు మారిన పిదప మా పిల్లలకు బడి భాష మారినది. కోళ్ళకు మాత్రమేమియు మారలేదు.

చూపునకు అసీలు గంభీరమైనది. పొడవైన మెడ, బలమైన కాళ్ళు, నిటారైన నిలువు, ఒంటికి అంటుకొనియుండు కురచ ఈకలు, తలపై చిన్నపాటి జుట్టు దీని గురుతులు. ఎదిగిన పుంజు మూడు నాలుగు కిలోలు తూగును. ఆంగ్లేయులు దీనిని తమ దేశమునకు కొనిపోయి, అచటి జాతులతో కలిపి, కార్నిష్ అను జాతిని రూపొందించిరి. నేటి బ్రాయిలరు కోడి పూర్వీకులలో ఆ కార్నిష్ ముఖ్యమైనది. ఆరు వారములలో రెండు కిలోలు పెరుగు ఫారపు కోడి మన అసీలునకు దూరపు మనుమరాలన్నమాట! గుడ్ల లెక్క చూచినవారికి మాత్రము అసీలు నిరాశ కలిగించును. పెట్ట యేడాదికి ముప్పది నలువది గుడ్లకు మించి పెట్టుట అరుదు. మూడువందల గుడ్లు పెట్టు జాతుల ప్రక్కన ఇది యే లెక్క?

ఆ లోటును పెట్ట తల్లితనముతో పూడ్చుకొనును. పదిపండ్రెండు గుడ్లపై ఇరువదియొక్క దినములు కూర్చుండి, మేతకును నీటికిని కొలది నిమిషములు మాత్రమే లేచును. పొదుగు కడపటి దినములలో అది మెల్లగా కూయగా గుడ్డులోని పిల్ల బదులు పలుకును. చెవి యొగ్గిన మనకును వినవచ్చును. పిల్లలు దిగిన తరువాత ఆ సాధువు చండిక యగును. కాకి, పిల్లి, కుక్క, ఒక్కొక్కపుడు ఇంటి యజమాని, అందరును దానికి శత్రువులే. ఇతర జాతుల గుడ్లను, బాతుగుడ్లను సైతము దీనిక్రింద పెట్టి పొదిగించుట మా వైపు వాడుక.

పుంజు సంగతి వేరు. మరియొక పుంజును క్షణమైనను సహింపదు. పిల్లలు సైతము కొలది వారముల ప్రాయమందే కలహమునకు దిగును, కావున వేరు గంపలు తప్పవు. అదే పుంజు చేతితో పెంచినవారి యెడ మిక్కిలి శాంతముగ నుండును, సంకనెత్తుకొనినను కిమ్మనదు. పురుగు దొరకినపుడు తాను తినక, కొక్కొక్కుమని పిలిచి, పెట్టల ముందు జారవిడుచును. ఆకాశమున గద్ద కన్పించిన ఒక కూత, నేలమీద పిల్లి కన్పించిన వేరొక కూత; పెట్టలు మొదటిదానికి నక్కును, రెండవదానికి తలలెత్తి చూచును. కోళ్ళగుంపులో ఎవరు ఎవరిని పొడువవచ్చునను వరుస యొకటి కలదని నార్వే శాస్త్రజ్ఞుడు షెల్డెరుప్-ఎబ్బే 1920 దశకపు ఆరంభమున లోకమునకు తెలిపెను. ముసలి పెట్ట ముందు మేత కడకు నడచుట, పడుచు పెట్ట ఆగి చూచుట గమనించిన మన అవ్వలకు ఇది క్రొత్తకాదు.

తెలుగు బోధించువానిని కావున నన్ను మిక్కిలి ఆకర్షించినవి పుంజుల పేర్లు. నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఎఱ్ఱనిది డేగ. రెక్కలపై గాని వీపుపై గాని పసుపు ఈకలున్నది నెమలి. మెడపై నలుపు తెలుపులు సమముగ నున్నది పర్ల. మెడ నల్లనైనది సవల. ఎఱుపు బూడిదరంగులు కలిసినది మైల; నలుపు, ఎఱుపు, పసుపు మూడును గలది కౌజు. ఒక్కొక్క ఈకపైనే పలురంగులున్నది పూల. బంగారువన్నెది అబ్రాసు. రెండు లక్షణములు కలిసినచో కాకిడేగ, కాకినెమలి అని సమాసము కట్టుదురు. కుక్కుటశాస్త్రమను పేర ప్రచారములోనున్న పుస్తకములు ఏ నక్షత్రమున ఏ రంగు గెలుచునో చెప్పును. ఆ జ్యోతిషము నాకు పట్టదు. కాని రంగును ఇంత సూక్ష్మముగ విభజించిన కన్ను మెచ్చదగినది.

ఇంట తెలుగు, వీధిలో ఒడియా, సంతలో దేశియా మాటాడు మా విద్యార్థులకు పాఠ్యపుస్తకపు పదములు కష్టముతో పట్టువడును. “డేగను చూచి డేగ కూసినది” అను వాక్యము నల్లబల్లపై వ్రాసినపుడు మాత్రము తరగతియంతయు నవ్వినది. మొదటి డేగ ఆకాశములోనిది, రెండవది పెరటిలోనిది యని ఎవరును వారికి చెప్పనక్కరలేకపోయెను. ఇట్టి మాటలు నిఘంటువు వలనగాక తాతల వలన వచ్చినవి.

ఆ తాతల నాడు వీనిని నేర్పినది పందెపు బరియే. కోళ్ళను పోరునకు ఉసికొల్పుట 1960 నాటి జంతుహింసా నిరోధక చట్టము ప్రకారము నేరము. కత్తి కట్టిన కాలును చూచినవారెవరును ఆ చట్టమును తప్పుపట్టరు. బరి లేక జాతి నిలుచునా యని కొందరడుగుదురు. నిలుచుననియే నా అభిప్రాయము. నాటుకోడి మాంసమునకు సంతలో మంచి ధర పలుకుచున్నది. నిజమైన ముప్పు సంకరము. వనరాజా వంటి అభివృద్ధిపరచిన రకములు పేదల యింటికి గుడ్లు నిచ్చుచున్నవి, వానిని నిందింపరాదు. కాని ఆ పుంజు అసీలు పెట్టతో కలిసినపుడు పుట్టినదానికి పై పేర్లలో ఒక్కటియు అతుకదు. దానిని అందరును “రంగుకోడి” యనియే పిలుతురు.

పెంపకమున కష్టమేమియు లేదు. పగలు తిరుగుటకు చోటు, రాత్రి ముంగిస దూరని గూడు, చోళ్ళు, నూకలు చాలును. కుండలో తడిపిన గడ్డి, పేడ నింపి పుట్టచెంత బోర్లించినచో తెల్లవారుసరికి చెదలు పట్టును. పిల్లలకు అంతకు మించిన మేత లేదు. కొక్కెర తెగులునకు మొదటి వారమున చుక్కలు, ఎనిమిదవ వారమున సూది తప్పక వేయింపవలెను. దగ్గరి చుట్టరికము కలియకుండ పొరుగూరి పుంజును తెచ్చుకొనవలెను. పెట్టను వాటాకిచ్చి పిల్లలను పంచుకొను పాత ఆచారము ఇందులకు మిక్కిలి అనుకూలము.

పిల్ల నూగును చూచి పేరు పెట్టరాదు. పుంజునకు మెడ, నడుము ఈకలు నిండుటకు నెలలు పట్టును. మా తరగతి పిల్లలు ఒక్కొక్క పేరును నోటుపుస్తకములో వ్రాసి, రాలిన ఈకను ప్రక్కన అంటించుచున్నారు. కాకి, డేగ, నెమలి, మైల పుటలు నిండినవి. అబ్రాసు పుట ఖాళీగా నున్నది. ఆ వన్నె పుంజు మా వీధిలో ఇప్పుడు లేదు.