సాధనకు చిన్న ధ్వనివర్ధకము

మనుమఁడు ఎలక్ట్రిక్ గిటారు తెచ్చినాఁడు. మీటిన నాదము గడప దాటదు. "దీనికి పెట్టె యొకటి కావలెను, తాతగారూ" అనుచున్నాఁడు. ఆ పెట్టెయే ధ్వనివర్ధకము. సొమ్మిచ్చు పెద్దలు దానినిగూర్చి కొంత తెలిసికొనవలయును.

వీణకు కుండ కలదు. ఈ గిటారునకు లేదు. ఉక్కుతంత్రి అయస్కాంతముచెంత కదలునపుడు తీఁగచుట్టలో సన్నని విద్యుత్తు పుట్టును. దానిని పెంచి శబ్దముగా మార్చుట యీ పెట్టె పని. రాజోలునకు వసిష్ఠ గోదావరి కావలనున్న పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారు, అయిదుతంత్రుల విద్యుత్ మాండలినుపై గమకములు పలికించినది యీ మార్గముననే. కావున నిది వట్టి యాటవస్తువని త్రోసివేయరాదు.

వాట్ల సంఖ్యకు మురియవలదు. శక్తి పదిరెట్లయినను చెవికి శబ్దము రమారమి రెండురెట్లుగా మాత్రమే తోఁచును. గదిలో సాధనకు ఒక వాటు చాలును. అరచేతిలో నిముడు పెట్టెలో మంద్రస్వరములు పలుచనగును. ఇంటనే యుంచుకొనువారికి నాలుగైదంగుళముల స్పీకరు గలది మేలు.

అంగడిలో మన వాద్యముతోనే పరీక్షింపవలయును. గరగరనాదము పుట్టించు మరను తగ్గించి, లావుతంత్రిని మీటి, స్వరము స్పష్టముగా నున్నదేమో వినుఁడు. గరగరలో అపస్వరములు దాఁగును. నేర్చువానికి తన తప్పు వినఁబడవలెను.

కరెంటు పోయినను సాగుటకు బ్యాటరీయు, ఇరుగుపొరుగుల నిద్రకు భంగము కలుగకుండ చెవిగొట్టములు తగిలించు రంధ్రమును ఉండవలయును. చెవిగొట్టములలో శబ్దము మితముగా నుండుట చెవులకు క్షేమము. చాలదినములు వాడనిచో మార్చుకొను బ్యాటరీని తీసివేయుఁడు. అది కారినచో లోపలి రేకులు చెడును.