అయనీకరణ శక్తి: క్రమము, క్రమభంగము

వాయుస్థితిలో ఒంటరిగా ఉన్న తటస్థ పరమాణువు నుండి, అన్నిటికంటె వదులుగా బంధితమైన ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి కావలసిన కనీస శక్తిని ప్రథమ అయనీకరణ శక్తి అంటారు. తెలుగు పాఠ్యగ్రంథాలలో దీనికి అయనీకరణ శక్మం, అయనీకరణ శక్తి, అయనీకరణ ఎంథాల్పీ అనే పేర్లు కనిపిస్తాయి. సోడియం విలువ 5.14 ఎలక్ట్రాన్ వోల్టులని ఒకచోట, మోల్‌కు 496 కిలోజౌళ్లని మరొకచోట చదివిన విద్యార్థి ఇవి వేర్వేరు ధర్మాలని భ్రమపడే అవకాశం ఉంది. మొదటిది ఒక్క పరమాణువు లెక్క, రెండవది మోల్ లెక్క. ఈ వ్యాసంలో రెండవదానినే పాటిస్తున్నాను.

ఈ విలువలు గ్రూపులో పైనుండి క్రిందికి తగ్గుతాయి: లిథియం 520, సోడియం 496, పొటాషియం 419, రుబీడియం 403, సీజియం 376. కర్పరాలు పెరిగినకొద్దీ బాహ్య ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరమవుతుంది. లోపలి ఎలక్ట్రాన్లు అడ్డుతెరగా నిలుస్తాయి. ఇందులో చిక్కు లేదు.

చిక్కంతా పీరియడ్‌లోనే. కేంద్రక ఆవేశం పెరుగుతుంది కనుక ఎడమనుండి కుడికి విలువ పెరగాలన్నది సూత్రం. రెండవ పీరియడ్‌లో లిథియం 520, బెరీలియం 899, బోరాన్ 801, కార్బన్ 1086, నైట్రోజన్ 1402, ఆక్సిజన్ 1314, ఫ్లోరిన్ 1681, నియాన్ 2081. బోరాన్, ఆక్సిజన్‌ల వద్ద సూత్రం తప్పింది. వీటిని అపవాదాలని చెప్పి దాటవేయడం తరగతిలో పరిపాటి. కాని వ్యాకరణంలో వలెనే ఇక్కడా అపవాదానికి తనదైన హేతువు ఉంది.

బెరీలియం కోల్పోయేది 2ఎస్ ఎలక్ట్రాన్. బోరాన్ కోల్పోయేది అంతకంటె అధిక శక్తిస్థాయిలోని 2పి ఎలక్ట్రాన్. దానిని తొలగించడం తేలిక. ఇక ఆక్సిజన్ విషయంలో 'సగం నిండిన ఉపకర్పరానికి స్థిరత్వం ఎక్కువ' అన్న వాక్యాన్ని విద్యార్థులు వల్లిస్తారు. అది వివరణ కాదు, పేరు మాత్రమే. నైట్రోజన్‌లోని మూడు 2పి ఎలక్ట్రాన్లు మూడు ఆర్బిటాళ్లలో విడివిడిగా ఉంటాయి. ఆక్సిజన్‌లోని నాలుగవది అప్పటికే ఒకటున్న ఆర్బిటాల్‌లో చేరక తప్పదు. ఆ జంట నడుమ వికర్షణ ఎక్కువ కనుక ఒకటి సులువుగా వెలువడుతుంది.

ఈ హేతువు సరియైనదైతే, ఆర్బిటాళ్లు పెద్దవై జంట మధ్య వికర్షణ సన్నగిల్లినకొద్దీ ఈ పల్లం కూడా పూడాలి. నైట్రోజన్, ఆక్సిజన్‌ల మధ్య తగ్గుదల 88. ఫాస్ఫరస్ 1012, సల్ఫర్ 1000, తగ్గుదల 12. ఆర్సెనిక్ 947, సెలీనియం 941. తగ్గుదల 6 మాత్రమే. ఐదవ పీరియడ్‌లో యాంటిమొని కంటె టెల్లూరియం విలువే ఎక్కువ. అక్కడ పల్లమే లేదు.