ఆరోగ్య పన్ను

మద్యం, పొగాకు, తీపి పానీయాల ధర పెంచి, వాటి వాడకం తగ్గించడానికి వేసే సుంకమే ఆరోగ్య పన్ను. 2035 నాటికి ఈ మూడింటి వాస్తవ ధరలు కనీసం 50 శాతం పెరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జులైలో దేశాలను కోరింది.

సూరత్‌లో మద్యం విషయంలో ఈ లెక్క కుదరదు. గుజరాత్ 1960లో ఏర్పడిన నాటి నుంచీ అక్కడ మద్యనిషేధమే. పర్మిట్ ఉన్నవాళ్లు కొనే సీసాలు తప్ప పన్ను వేయడానికి సరుకే లేదు. లింబాయత్ మరమగ్గాల మీద బతికే తెలంగాణ నేత కుటుంబాలకు సొంతూళ్లో వైన్‌షాపూ తెలుసు, ఇక్కడి చాటుమాటు సారా కథా తెలుసు. దొంగ సరుకుకు పన్నూ ఉండదు, తనిఖీ అసలే ఉండదు. 2022 జులైలో బొటాద్ ప్రాంతంలో మిథనాల్ తాగి 40 మందికి పైగా చనిపోయారు.

అలాగని పన్ను పెంచితే చాలా? ఆంధ్రప్రదేశ్ 2020 మేలో, తాగుడు తగ్గించడానికేనంటూ, రెండు విడతల్లో ధరలను 75 శాతం పెంచింది. పొరుగు రాష్ట్రాల సీసాలు దొంగదారిన దిగాయి. 2024 అక్టోబరులో కొత్త విధానం వచ్చి, 99 రూపాయలకే క్వార్టర్ అంది! మద్యం జీఎస్టీ పరిధిలో లేదు. ఏ రాష్ట్రం రేటు దానిదే.

వచ్చిన సొమ్ము ఎటు పోతుందన్నది ఇంతకంటే పెద్ద ప్రశ్న. థాయ్‌లాండ్ 2001 నుంచి మద్యం, పొగాకు సుంకాలపై అదనంగా 2 శాతం వసూలు చేసి ఆరోగ్య ప్రచార నిధికే ఇస్తోంది. మన ఎక్సైజ్ రాబడి మాత్రం చాలావరకు రాష్ట్ర ఖజానాలో కలిసిపోతుంది. తాగుడు మాన్పించే కేంద్రాలు చాలాచోట్ల తమ వాటా కోసం బడ్జెట్ వైపు చూడాల్సిందే.