గురి ఒకచోట, దెబ్బ ఇంకొకచోట

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర లాంటి పెద్ద జాతరల్లో బెలూన్లు కొట్టే అంగడి లేకుండా ఉండదు. దేవనకొండ, ఆదోని పల్లెల పిల్లలు ఎయిర్‌గన్ భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి, ఎర్ర బెలూన్‌కు గురిపెడతారు. పగిలేది పక్కనున్న పచ్చది. పక్కవాళ్లు చెయ్యి వణికిందంటారు. అయిదుసార్లు కొడితే అయిదుసార్లూ కుడిపక్కకే పోయిందంటే మాత్రం తప్పు చేతిది కాదు, తుపాకీ మీది సైటుది.

ఎందుకంటే తుపాకీలో రెండు దారులున్నాయి. కంటి నుంచి సైటు మీదుగా లక్ష్యానికి పోయే చూపు తిన్నని గీత. గొట్టం నుంచి వెళ్లే పెల్లెట్ దారి వంపు తిరిగి ఉంటుంది. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వెళ్తుంది. 10 మీటర్లు దాటడానికి దానికి పట్టేది సెకనులో ఆరు వందో వంతులే అయినా, భూమ్యాకర్షణ ఆ కాస్త సేపట్లోనే దాన్ని 17 మిల్లీమీటర్ల దాకా కిందికి లాగుతుంది. అందుకే గొట్టాన్ని చూపు గీత కన్నా కొంచెం పైకి ఎత్తి ఉంచాలి. ఈ రెండు దారులూ కావలసిన దూరంలో కలిసేలా సైటును సవరించడమే జీరోయింగ్.

లేజర్ బిగిస్తే ఈ బాధ తప్పుతుందని చాలామంది అనుకుంటారు. తప్పదు. లేజర్ కిరణం కూడా తిన్నని గీతే. గొట్టానికి 4 సెంటీమీటర్ల కింద లేజర్‌ను అమర్చి, 10 మీటర్ల దగ్గర ఎర్రచుక్కా పెల్లెట్ దెబ్బా ఒకచోట పడేలా సరిచేశామనుకోండి. అదే గురితో 5 మీటర్ల దగ్గర కొడితే దెబ్బ చుక్కకు రెండు సెంటీమీటర్లకు పైగా ఎగువన, 20 మీటర్ల దగ్గర ఏడు సెంటీమీటర్లకు పైగా దిగువన పడుతుంది. పైగా కర్నూలు ఎండలో పట్టపగలు ఎర్రచుక్క కనిపించడమే కష్టం. గొట్టంలో పెట్టే లేజర్ పనికొస్తుంది కానీ అది మొదటి దెబ్బ కాగితం మీద పడేంతవరకే. ఆ తర్వాత కాల్చి చూడాల్సిందే.

కాల్చి చూడటానికీ ఒక వరస ఉంది. ఎన్‌సీసీ శిబిరాల్లో పాయింట్ టూటూ రైఫిల్ పట్టిన కేడెట్లకు ముందు నేర్పేది గ్రూపింగ్. గురి మార్చకుండా అయిదు గుళ్లు కాలుస్తారు. ఎక్కడ పడ్డాయన్నది తర్వాతి మాట, దగ్గరదగ్గరగా పడ్డాయా అన్నది మొదటి ప్రశ్న. చెదిరిపోతే లోపం పట్టులోనో ఊపిరిలోనో ట్రిగ్గర్ లాగడంలోనో ఉంది, అప్పుడు సైటు తిప్పడం దండగ. గుంపుగా పడితే ఆ గుంపు నడిమధ్య నుంచి లక్ష్యానికి ఎంత దూరమో కొలిచి అప్పుడు సవరించాలి. ఒక్క దెబ్బ చూసి స్క్రూ తిప్పేవాడు రోజంతా తిప్పుతూనే ఉంటాడు. వెనక సైటును దెబ్బ ఎటు జరగాలో అటే జరపాలి, ముందు సైటునైతే దానికి ఎదురుదిక్కుకు. ముందు, వెనక సైట్ల మధ్య 70 సెంటీమీటర్లుంటే, వెనకది మిల్లీమీటరులో పదో వంతు జరిపితే చాలు, 10 మీటర్ల దగ్గర దెబ్బ దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు జరుగుతుంది.

అది చిన్న తేడా కాదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1 స్కోరుతో కంచు పతకం గెలిచాడు. వెండి పతకం 701.5కు దక్కింది. లక్ష్యం మీద పాయింటులో పదో వంతంటే పావు మిల్లీమీటరు. అంటే రెండు పతకాల మధ్య ఉన్నది మిల్లీమీటరు. ఈ పోటీలో లేజర్‌కూ టెలిస్కోపుకూ అనుమతి లేదు, చిన్న రంధ్రాల్లోంచి చూసే సైట్లే వాడాలి.

అంతటి షూటర్లు కూడా నిన్నటి సైటును ఈరోజు నమ్మరు. పెల్లెట్ల డబ్బా మారినా, రేంజిలో వెలుతురు మారినా గుంపు కాస్త పక్కకు జరగొచ్చు. అందుకే పోటీకి ముందు 15 నిమిషాలు సన్నాహానికి ఇస్తారు. ఆ వ్యవధిలో ఎన్నిసార్లు కాల్చుకున్నా లెక్కలోకి రాదు.