సాలార్‌జంగ్ మ్యూజియం వస్తు వివరాలు – కంటెంట్ నిర్వహణ సర్వర్ సాఫ్ట్‌వేర్: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పలువురు ఉద్యోగులు ఒకే సమాచారాన్ని రాసి, దిద్ది, వాడుకునే సంస్థల్లో ఆ సమాచారానికి అధికారిక ప్రతి ఒక్కటే ఉండేలా చూసేది కంటెంట్ నిర్వహణ సర్వర్ సాఫ్ట్‌వేర్. వ్యాపార సంస్థల అవసరాల నుంచి పుట్టిన ఈ విధానం హైదరాబాదు పాతబస్తీలోని సాలార్‌జంగ్ మ్యూజియం వంటి సంస్థకు ఎలా వర్తిస్తుందో, అందులో ఏ పని మనుషులకే మిగులుతుందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: సర్వర్, మెటాడేటా, వర్షన్, అనుమతులు, సాలార్‌జంగ్ మ్యూజియం, జతన్.

1. ఉపోద్ఘాతం:
మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో మరణించారు. ఆయన అవివాహితులు. ఆయన సేకరించిన వస్తువులతో, వారి వంశ నివాసమైన దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరు 16న మ్యూజియం ప్రారంభమైంది. 1961లో పార్లమెంటు చట్టం దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. 1968లో మ్యూజియం మూసీ దక్షిణపు ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మారింది. 40 వేలకు పైగా కళావస్తువులు, వాటికి తోడు వేల సంఖ్యలో అరబ్బీ, పారశీక, ఉర్దూ రాతప్రతులు ఇక్కడ ఉన్నాయి. ఇంత సంపదలో ఒక వస్తువుకు పేరు, సంఖ్య, స్థానం సరిగా నమోదు కాకపోతే అది గదిలో ఉండి కూడా లేనట్టే.

2. ఫోల్డరుకూ సర్వరుకూ భేదం:
ఒక శిల్పం గురించి క్యూరేటరు వివరణ రాస్తారు, ఛాయాగ్రాహకుడు చిత్రాలు చేరుస్తాడు, సంరక్షణ విభాగం వారు రాతిలో పగుళ్ల పరిస్థితిని నమోదు చేస్తారు. ఈ ముగ్గురూ అందరికీ తెరచిన ఫోల్డరులోని ఒకే ఫైలులో పనిచేస్తున్నారనుకుందాం. ఉదయం ఇద్దరు ఆ ఫైలును తమ కంప్యూటర్లలోకి తీసుకున్నారు. మధ్యాహ్నం ఒకరు తాము దిద్దినది తిరిగి అక్కడ భద్రపరిచారు. సాయంత్రం రెండోవారు తమ ప్రతిని దాని మీదే భద్రపరిచారు. మొదటివారి శ్రమ మాయమైంది. పోయిన సంగతి ఎవరికీ తెలియకపోవడమే ఇక్కడ అసలు ప్రమాదం.

2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్, 2002లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ గ్రంథాలయాలు, హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ కలిసి విడుదల చేసిన డీస్పేస్ వంటివి వేర్వేరు అవసరాలకు పుట్టినా వాటి పునాది ఒకటే. ఫైలుతోపాటు దాని గురించిన సమాచారాన్ని, అంటే మెటాడేటాను, సర్వరు డేటాబేసులో ఉంచుతుంది. షేర్‌పాయింట్ వంటి ఉమ్మడి పని సాఫ్ట్‌వేర్‌లో ఒకరు ఫైలును దిద్దడానికి తీసుకుంటే, వారు తిరిగి అప్పగించే వరకు ఇతరులు చదవగలరు గాని మార్చలేరు. అప్పగించిన ప్రతిసారీ కొత్త వర్షన్ ఏర్పడుతుంది, పాతది చెరిగిపోదు. ఎవరు, ఎప్పుడు మార్చారో నమోదవుతుంది. వస్తువును ఏ గదిలో ఏ బీరువాలో భద్రపరిచారన్న వివరం లోపలి ఉద్యోగులకు మాత్రమే కనిపించేలా, కొలతలు, చిత్రం లోకమంతటికీ కనిపించేలా అనుమతులు విభజించవచ్చు. ముసాయిదా క్యూరేటరు ఆమోదం పొందాకే బయటికి వెళ్లేలా క్రమం కూడా ఏర్పరచవచ్చు. కాగితపు దస్త్రం బల్ల నుంచి బల్లకు నడిచిన దారే ఇది, కొత్తదేమీ కాదు.

3. ‘సాలార్‌జంగ్’ అంటే ఎవరు?
మ్యూజియంలో జనం అత్యధికంగా గుమికూడే వస్తువుల్లో ‘మేలిముసుగు రెబెకా’ ఒకటి. ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని చెక్కిన ఈ పాలరాతి విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ 1876లో రోమ్‌లో కొన్నారు. మ్యూజియంలోని సేకరణలో అధికభాగం మాత్రం ఆయన మనుమడు మూడవ సాలార్‌జంగ్‌ది. నడుమ రెండవ సాలార్‌జంగ్ మీర్ లాయక్ అలీఖాన్ ఉన్నారు. మెటాడేటాలో ‘సేకర్త’ అన్న గడిలో ‘సాలార్‌జంగ్’ అని మాత్రమే రాస్తే సాఫ్ట్‌వేర్ ఏ అభ్యంతరమూ చెప్పదు. చరిత్ర మాత్రం రెండు తరాలు తారుమారవుతుంది. పైగా బెంజోని ఈ శిల్పాన్ని ఒకటికి మించి చెక్కారు. అమెరికాలో అట్లాంటా నగరంలోని హై మ్యూజియంలో ఒకటి ఉంది. శిల్పి పేరు, శీర్షిక, రాయి అన్నీ కలిసినా వస్తువు వేరు. కనుక వస్తువును గుర్తించేది పేరు కాదు, మ్యూజియం దానికిచ్చిన సంఖ్య.

భాష మరో చిక్కు. ‘తల్వార్’ అని నమోదైన ఆయుధం ‘కత్తి’ అని వెతికే తెలుగు పాఠకునికి దొరకదు. రెండు మాటలనూ ఒకే అర్థానికి ముడివేసే పర్యాయపదాల పట్టికను భాష తెలిసినవారు తయారుచేసి సర్వరుకు ఇవ్వాలి. చాలా సంస్థలు వాయిదా వేసే పని ఇదేనని నా అభిప్రాయం. స్కానింగు కనబడుతుంది, పట్టిక కనబడదు.

4. జతన్:
భారతీయ మ్యూజియంల కోసం పుణెలోని సీ-డాక్ ‘జతన్’ అనే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించింది. జాతీయ పోర్టల్‌లో తొలుత చేరిన పది మ్యూజియంలలో సాలార్‌జంగ్, నాగార్జునకొండ మ్యూజియంలు రెండూ ఉన్నాయి. (యత్నం నుంచి వచ్చిన ‘జతనం’ తెలుగు నిఘంటువుల్లోనూ ఉన్న మాటే.) ఇది సర్వరు ఆధారంగా పనిచేస్తుంది. ప్రతి వస్తువుకు విశిష్ట సంఖ్య ఇవ్వడం, చిత్రాలను కత్తిరించడం, వాటిపై నీటిగుర్తు వేయడం దీని సదుపాయాల్లో కొన్ని. పది మ్యూజియంలు ఒకే నమూనాలో వివరాలు నింపితేనే ఒకచోటి నుంచి అన్నింటిలోనూ వెతకడం సాధ్యమవుతుంది.

5. సాఫ్ట్‌వేర్ ఆయుర్దాయం:
రెబెకా హైదరాబాదుకు వచ్చి దాదాపు 150 ఏళ్లయింది. షేర్‌పాయింట్ 2013కు తయారీదారు మద్దతు 2023 ఏప్రిల్‌లో ముగిసింది. అంటే, వస్తువు జీవితకాలంలో దాని వివరాలు ఎన్నో సాఫ్ట్‌వేర్‌లు మారవలసి వస్తుంది. కనుక చిత్రాలను టిఫ్ రూపంలో, వివరాలను ఎక్స్‌ఎమ్‌ఎల్ వంటి బహిరంగ రూపంలో, సంఖ్యలు, అనుమతులు, మార్పుల చరిత్రతో సహా పూర్తిగా బయటికి తీసుకునే వీలు ఉండాలి. ఈ షరతును కొనుగోలు ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఏటా ఒకసారి కొన్ని వస్తువుల వివరాలను అలా బయటికి తీసి, మరో కంప్యూటరులో తెరిచి, అసలు రిజిస్టరుతో సరిచూడాలి.